గృహచలనచిత్రములు

మహాసభా సంచికకు నేదేని యొక చరిత్రవ్యాసము పంపవలసినదని సంపాదకవర్గమువారు నాకు వ్రాసిరి. ఇట్టి సంచికలలో గోత్రములు, ఇంటిపేరులు, శాసనములు, దాతల వంశక్రమములు విచారింపబడుట వాడుక. అవి యన్నియు మన సంచికలలో నిదివఱకే పలుమాఱు వచ్చినవి. నాకన్న విద్వాంసులు వ్రాసిరి. కావున నేను శాసనముల జోలికి పోక, మన బంధువుల యిండ్లలో భోషాణముల యడుగునను, ఇనుపబీరువాల మీదను దుమ్ముపట్టి పడియున్న యొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాను. అఱచేతిలో నిముడు రేకుడబ్బాలో చుట్టియుంచిన ఫిల్ము అది. పూర్వము కొందఱు పెండ్లిండ్లలోను, బారసాలలలోను, తీర్థయాత్రలలోను చిన్న కెమేరాతో తీసి, దీపములార్పి, గోడకు తెల్లదుప్పటి కట్టి చూచుకొనిన చలనచిత్రము. సినిమాహాలులో ఆడిన బొమ్మ కాదు. ఇంటివారు తీయగా ఇంటివారే చూచినది.

తమ పూర్వజీవితమును బొమ్మలలో జూచుకొని మురియుట, కంటతడి పెట్టుట మనకు క్రొత్త కాదు. భవభూతి ‘ఉత్తరరామచరితము’ ప్రథమాంకమున చిత్రదర్శనఘట్టము కలదు. జనకమహారాజు మిథిలకు మరలిపోగా చింతాక్రాంతయై యున్న సీతాదేవికి వినోదముగా లక్ష్మణుడు రామచరితము లిఖింపబడిన చిత్రములను జూపును. వివాహఘట్టమునకు వచ్చినపుడు వ్రేలు చూపుచు, ఈమె వదినగారు, ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి యని చెప్పుచు, తన భార్యయగు ఊర్మిళను మాత్రము సిగ్గుచే దాటవేయును. సీత చిరునవ్వుతో ఆ మిగిలినదానిని జూపి, మఱి యీమె యెవరని యడుగును. లక్ష్మణుడు మాట మార్చి పరశురాముని బొమ్మకు పోవును. శూర్పణఖను జూచి సీత జడియగా, ఇది బొమ్మయేయని రాముడు ధైర్యము చెప్పవలసివచ్చును. తండ్రి బ్రదికియుండగా, క్రొత్తగా పెండ్లియై, తల్లులు తమ్ము లాలించిన దినములను తలచి, అవి గడచిపోయినవి గదా యని యాతడు నిట్టూర్చును. బొమ్మలు చూచి యలసిన సీత యాతని బాహువుపై తల యుంచి నిదురించును. ఆ దినముననే యామెను అడవికి పంప నిశ్చయమగును.

ముప్పదియేండ్లు ఈ ఘట్టమును బాలురకు బోధించితిని. భావికథాసూచనకై కవి చేసిన కల్పనయని చెప్పి, పరీక్షలో రాదగిన శ్లోకములకు టీక చెప్పి ముగించెడివాడను. దాని మర్మము నాకు నిజముగా తెలిసినది, ఉద్యోగము విరమించిన తరువాత నొక యింట ఫిల్ము ఆడించి చూచినపుడు. ఆ సంగతి ముందు వచ్చును.

గృహచలనచిత్రము సినిమాకు తోబుట్టువు. 1895 డిసెంబరు 28వ తేదీన పారిసునగరమున గ్రాండు కాఫీహోటలులో ల్యూమియేర్ సోదరులు రొక్కము పుచ్చుకొని ప్రజలకు చూపిన మొదటి చిత్రములలో ఒకటి, అన్నయగు ఆగస్టు తన భార్యతో గూడి తోటలో కూర్చుండి తమ పసిబిడ్డకు తినిపించుట. ఇంతకంటె నింటిచిత్రమేమున్నది? ఆ బిడ్డ వెనుక గాలికి చెట్ల యాకులు కదలుట జూచి ప్రేక్షకులు విస్తుపోయిరట. ఏడు మాసములు నిండకముందే, 1896 జూలై 7వ తేదీన, ఆ సోదరుల చిత్రప్రదర్శనము బొంబాయిలోని వాట్సను హోటలునకు వచ్చెను.

ఐనను సామాన్య గృహస్థునకు ఆ యంత్రము చాలకాలము అందుబాటున లేకపోయెను. ధనవ్యయమొక కారణము, అగ్నిభయము వేఱొకటి. ఆనాటి 35 మిల్లీమీటర్ల ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. నిప్పు సోకినచో ఆర్ప శక్యము గాదు. దీనికి తోడు ప్రొజెక్టరు దీపముల భయము. 1897 మే నెలలో పారిసున ధర్మార్థమై పెట్టిన సంతలో, ప్రొజెక్టరు దీపమునకు వాడు ఈథరు అంటుకొని నూటికి పైబడి జనులు, విశేషించి స్త్రీలు, దగ్ధమైరి. ఇట్టి వస్తువును పిల్లలున్న యింట నెవడు తెచ్చిపెట్టుకొనును? మన దేశమున దాదాసాహెబు ఫాల్కే 1912 ప్రాంతమున లండనునుండి కెమేరా తెచ్చి, పెద్ద చిత్రములకు పూనుకొనుటకు ముందు, ఇంటిలో నొక బఠానీగింజ మొలకెత్తి పెరుగుటను దినదినమును కొంచెముకొంచెముగా తీసి చూపెను. హరిశ్చంద్రుని కథకన్న ముందు ఇంటిలోని కుండీలో మొక్క! ఆ చిత్రమే ధనము పెట్టువారికి నమ్మకము కలిగించినదందురు.

1922 చివర ఫ్రాన్సులో పాతే కంపెనీవారు 9.5 మిల్లీమీటర్ల చిన్న ఫిల్మును, ఇంటిలో నాడించుకొను యంత్రమును తెచ్చిరి. మఱుసటి యేట, అనగా 1923లో, అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాకు కంపెనీవారు 16 మిల్లీమీటర్ల ఫిల్మును ప్రవేశపెట్టిరి. ఇది సులభముగా మండని అసెటేటు ఫిల్ము. ఆ వెడల్పును ఎంచుటలో నొక జాగ్రత్త కలదు: 35 మిల్లీమీటర్ల నైట్రేటు ఫిల్మును నిలువున రెండుగా చీల్చి యెవరును ఇంటియంత్రములలో దూర్పకుండునట్లు కొలత నేర్పాటుచేసిరి. కెమేరా, ప్రొజెక్టరు, ముక్కాలి, తెర మున్నగునవన్నియు గలిపి వెల 335 డాలర్లు. కలవారికే గాని లేనివారికి గాదు. 1932లో ఎనిమిది మిల్లీమీటర్లది వచ్చెను. 25 అడుగుల ఫిల్మును ఒకమాఱు ఒక యంచున, తిరుగవేసి రెండవమాఱు రెండవ యంచున తీసి, కడిగిన పిదప నడుమ చీల్చి అతికినచో 50 అడుగులగును. ఆ యేబది యడుగులు ఆడుకాలము నాలుగు నిమిషములు. 1935లో కోడాక్రోమ్ అను రంగుల ఫిల్ము వచ్చెను. దానిని కనిపెట్టిన యిద్దఱును వృత్తిచే సంగీతవిద్వాంసులగుట విచిత్రము. 1965లో సూపర్ ఎయిట్ అను మఱింత సులువైనది వచ్చెను. ఫిల్మును చేతితో తాకనక్కరలేదు. పెట్టెను పెట్టెగానే కెమేరాలో నుంచి మీట నొక్కుటయే.

ఆ 1965వ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము తన వలసచట్టమును మార్చి, ఆసియావారికి చిరకాలముగా మూసియుంచిన తలుపు తెఱచెను. అటుపిమ్మట మన తెలుగునాటినుండి డాక్టర్లు, ఇంజనీర్లు అచ్చటికి వెళ్లిరి. కొడుకు మంచులో నిలుచుండి నవ్వుట, కోడలు చీరమీద చలికోటు తొడిగికొని వంటయింట తిరుగుట, మనుమడు తప్పటడుగులు వేయుట—ఇవి మూడు నిమిషముల చుట్టలుగా గోదావరి, కృష్ణాతీరములకు వచ్చినవి కలవు. ప్రొజెక్టరు లేని యిండ్లలో వృద్ధులు ఆ ఫిల్మును సూర్యునికెదురుగా పట్టి, ఆవగింజంత మనుమని జూచి తృప్తిపడిరి. ఆ దేశమున 2008లో నెలకొల్పబడిన దక్షిణాసియా అమెరికను డిజిటల్ ఆర్కైవ్ ఇట్టి కుటుంబచిత్రములను గూడ సేకరించుచున్నది.

ఈ చిత్రములలో ఏమున్నదని యెవరైన నడిగిన, ఏమియు లేదనియే చెప్పవలెను. కథ లేదు, మాట లేదు, తీసినవానికి విద్య లేదు. జనులు కెమేరావంక జూచి చేయి యూపుదురు. “కదలండి, కదలండి” అని తీయువాడు కేకవేయగా, ఏమిచేయుటకును తోచక, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు నడతురు. సెకనుకు పదునాఱు బొమ్మల చొప్పున తీసినదానిని నేటి యంత్రములమీద ఇరువదియైదు చొప్పున ఆడింపగా, గంభీరులైన మన తాతలు పిచ్చుకలవలె గంతులు వేయుచు కానవచ్చెదరు. ఇది వారి తప్పు గాదు, ఆడించువాని తప్పు. వేగము సరిచేసినచో వారి నడక వారికి తిరిగి వచ్చును. మఱియొక వింత: ఇంటికంతకు ముఖ్యుడైనవాడు కానరాడు, ఏలయన కెమేరా వానిచేతిలో నున్నది. ఎండలో వాని నీడ మాత్రము ఒక్కొక్కమాఱు నేలపై పడియుండును.

అట్లయినను ఎంతో ధనము పోసి తీసిన పెద్ద చిత్రమునకు చలింపని మనస్సు ఈ యేమియు లేనిదానికి కరగుచున్నది. కారణము దాని గరుకుతనము, మినుకుమినుకుమను వెలుగు, గీతలు, వాడిన రంగులు అని యిప్పటివారు కొందఱు తలచి, చేతిలోని ఫోనులతో నిన్న తీసిన చిత్రమునకు గూడ కృత్రిమముగా గీతలును మచ్చలును పెట్టుకొనుచున్నారు. యౌవనమున నెఱసిన జుట్టు పెట్టుకొనుట వంటిది ఇది, నాకు రుచింపదు. గీతలలో నేమియు లేదు. నిజమైన కారణములు రెండని నా యభిప్రాయము.

నాలుగు నిమిషముల ఫిల్మునకు వెల పెట్టినవాడు దేనిని తీయవలెనో యెంచుకొనక తప్పదు. తల్లి ముఖముమీద పది సెకనులు నిలిపెనన్న, ఆ పది సెకనులు వేఱొకదానినుండి తీసియిచ్చినవే. నేటివలె గంటలకొలది తీసి మరచునట్టిది గాదు. ఇది మొదటిది. రెండవది ఇంకను లోతైనది. ఇంటివారు వాడిన యీ ఫిల్ములు సాధారణముగా ‘రివర్సల్’ జాతివి. సినిమాలకు నెగటివు ఒకటి యుండును. దానినుండి నూఱు ప్రతులైనను తీయవచ్చును. దీనికి అది లేదు. కెమేరాలో నున్న ఫిల్మే కడుగబడి, చూచు చిత్రముగా మారివచ్చును. అనగా, పెండ్లిపందిట పెండ్లికూతురు ముఖమునుండి వెలువడిన వెలుగు ఏ ఫిల్ముమీద పడినదో, నేడు మనము చేతబట్టినది ఆ ఫిల్మే. అది ప్రతి గాదు. ఆ దినమున ఆ పందిటిలో నున్న వస్తువు. దుష్యంతుని యుంగరము వలె, ఆనవాలు తానే. లోకమున నదొక్కటియే; పోయినచో పోయినదే.

చరిత్రకారులు ఈ చుట్టలను చాలకాలము లెక్కసేయలేదు. 1963 నవంబరు 22వ తేదీన డాలసు నగరమున దుస్తుల వ్యాపారి ఆబ్రహాము జప్రూడరు వేడుకకై తీయుచున్న 8 మిల్లీమీటర్ల ఫిల్ములో కెనెడీ యధ్యక్షుని హత్య పడెను. 26 సెకనులు, 486 బొమ్మలు. అది మొదలు పండితులు ఇంటికెమేరావంక తల త్రిప్పిరి. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా ప్రభుత్వము తన దేశముననే నివసించు జపానుజాతివారిని లక్షకు పైబడి జనులను శిబిరములలో నిర్బంధించినపుడు, యూటా యెడారిలోని టోపాజు శిబిరమున డేవు తట్సునో అను వర్తకుడు, నిషేధమున్నను, ఒక యుద్యోగి సాయమున కెమేరాను రహస్యముగా తెప్పించుకొని తనవారి జీవనమును తీసెను. మంచులో పిల్లలాటలు, దేవాలయమునకు పోవువారు, దుమ్ము. 1996లో అది అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడెను. మన దేశమున ఆంగ్లకుటుంబములవారు తీసికొనిన చిత్రములనేకము కేంబ్రిడ్జిలోని దక్షిణాసియా అధ్యయనకేంద్రమున భద్రపరుపబడియున్నవి. వానిలో దొరబిడ్డ నెత్తుకొనిన ఆయా కానవచ్చును. బిడ్డ పేరు తెలియును, ఆయా పేరు తెలియుట యరుదు. ఊర్మిళను దాటవేసిన లక్ష్మణునకు సిగ్గు కారణము. ఇచ్చట నా కారణమును లేదు.

ఒక చిత్రమును గూర్చి కొంత విపులముగా వ్రాయవలెను. 1938 ఆగస్టు మాసమున డేవిడ్ కుర్ట్జ్ అను అమెరికావాసి సకుటుంబముగా ఐరోపా యాత్ర చేయుచు, బాల్యమున తాను విడిచివచ్చిన పోలండు దేశపు నాసియెల్స్క్ అను చిన్న యూరికి వెళ్లి, 16 మిల్లీమీటర్ల కెమేరాతో మూడు నిమిషములు తీసెను. ఊరి యూదులు వీధిలో గుమిగూడిరి. పిల్లలు ఒకరినొకరు త్రోసికొనుచు కెమేరాలో పడవలెనని యెగిరిరి. దేవాలయద్వారమునుండి జనులు మెట్లు దిగిరి. అంతే. మఱుసటి యేడు యుద్ధము వచ్చెను. 1939 డిసెంబరులో జర్మనులు ఆ యూరి యూదులను వెడలగొట్టిరి. ఇంచుమించు 3000 మందిలో యుద్ధానంతరము బ్రదికియున్నవారు నూఱుగురు లేరు. 2009లో ఆయన మనుమడు గ్లెన్ కుర్ట్జ్ ఫ్లోరిడాలో తల్లిదండ్రుల యింట నొక బీరువాలో ఆ చుట్టను కనుగొనెను. అది ముడుచుకొని, పులిసి, ఆడించుటకు వీలులేని స్థితిలో నుండెను. వాషింగ్టనులోని హోలోకాస్టు స్మారక మ్యూజియమువారు పుచ్చుకొని బాగుచేయించి లోకమునకు చూపగా, దానిని జూచుచున్న యొక స్త్రీ, గుంపులో నవ్వుచున్న పదుమూడేండ్ల బాలుని తన తాతగా పోల్చుకొనెను. ఆ వృద్ధుడు సజీవుడై యుండెను!

నైయాయికులు ప్రత్యభిజ్ఞకు చెప్పు నుదాహరణము: ఆ దేవదత్తుడే యీ దేవదత్తుడు. ఆ వృద్ధుడు తెరవంక జూచి, వీడు నేను, వీడు నా స్నేహితుడు, ఇతడు ఫలానివాడు అని వ్రేలు చూపెను. అంతవఱకు ‘చచ్చినవారి గుంపు’గా నున్నది ఒక్క క్షణమున ఊరయ్యెను. ఒక దుకాణముపై మసకలుగట్టిన యక్షరములను పండితులు శ్రమించి పోల్చి, దాని యజమానురాలి పేరును గూడ కనుగొనిరి. గ్లెన్ కుర్ట్జ్ 2014లో దీనిపై గ్రంథము వ్రాసెను. 2021లో ఆ మూడు నిమిషములనే మరల మరల చూపుచు గంటకు పైబడు చిత్రమును నిర్మించిరి. ఐనను ఆ చుట్టలో కనబడు ముఖములలో పేరు తెలిసినవి కొన్నియే. చెప్పగలవారు మిగులలేదు.

ముడుచుకొని పులియుట యంటిని. ఇది మనకు ముఖ్యముగా తెలియవలసిన విషయము. అసెటేటు ఫిల్ము మంటకు భయపడదు గాని వేడికిని తేమకును లొంగును. అది నెమ్మదిగా విడిపోవుచు ఆమ్లమును విడుచును. డబ్బా తెఱచినంతనే సిర్కావాసన ముక్కున కొట్టును. పుట్టిన యామ్లమే క్షయమును మఱింత త్వరపఱచును. దగ్గఱనున్న చుట్టలకు గూడ సోకును. ఫిల్ము కుదించుకొని, వంకరపోయి, కడపట పెళుసై విరిగిపోవును. ఈ రోగమును గూర్చి కోడాకు కంపెనీకి మొట్టమొదట తెలియజేసినది మన భారతప్రభుత్వమేయని చెప్పుదురు. మన వేడియు మన తేమయు అట్టివి. బందరు, కాకినాడలవంటి తీరపట్టణములలో ఇనుపబీరువాలో, బిగువుమూతల డబ్బాలో నుంచి, భద్రముగా నున్నదని తలచుట భ్రమ. కోడాక్రోము రంగులు చీకటిలో చాలకాలము నిలుచును; కాని ఆ ఫిల్ము తయారీని 2009లో మానిరి; దానిని కడుగు కడపటి కర్మశాల 2010 చివర స్వీకరించుట మానెను. తీసి కడుగింపక మఱచిన కోడాక్రోము చుట్ట యేదేని యింట నున్నచో, దానినుండి రంగులు ఇక రావు.

1980 తరువాత కొన్ని యిండ్లలో వేఱొక యపాయము జరిగెను. పట్టణమునకు తీసికొనిపోయి ఫిల్మును వీడియోకాసెట్టుగా మార్పించి, దానికి నడుమనడుమ సినిమాపాటలు చేర్పించి, ‘ఇక నీ చెత్త యెందుకు’ అని అసలు ఫిల్మును పాఱవేసిరి. నా మేనత్త కుమారుని పెండ్లిచుట్ట గతి యిదియే. ఆ కాసెట్టు బూజుపట్టినది. నేడు దానిలో పాట వినవచ్చును గాని పెండ్లికొడుకు కానరాడు. మార్పించుట మంచిదే, పాఱవేయుట మాత్రము కూడదు.

మన మహాసభల పాత సంచికలను తిరుగవేసి చూడుడు. తలపాగాలతో, ఉత్తరీయములతో అధ్యక్షులు, కార్యదర్శులు, విద్యార్థివసతిగృహమునకు విరాళమిచ్చిన దాతలు వరుసగా కూర్చున్న ఛాయాచిత్రములు. క్రింద ఎడమనుండి కుడికి పేరులు. ఎక్కడనైన నొక స్త్రీ యున్నచో ‘వారి ధర్మపత్ని’. ఆ దాతలయెడ నాకు గౌరవము కలదు. వారి వసతిగృహముననే నేను చదివికొంటిని. కాని మన సంఘచరిత్ర ఆ వరుసకుర్చీలంత మాత్రమే కాదు. ఇంటిచుట్టలో వెనుక పొయ్యి యూదుచున్న ముత్తైదువ, బండి తోలినవాడు, సన్నాయి యూదినవాడు, అరుగుమీద వితంతువైన మేనత్త, పందిరిగుంజ పట్టుకొని యేడ్చు పిల్ల, అందఱును పడిరి. కెమేరాకు కులములేదు, పదవి లేదు. ముందు నిలిచినదాని నెల్ల గ్రహించినది. శాసనమున నెక్కనివారు అందులో నెక్కిరి. పేరులు మాత్రము ఎక్కలేదు.

2002లో కొందఱు ఫిల్మురక్షకులు అమెరికాలో ‘హోమ్ మూవీ డే’ అను దినము నేర్పఱచిరి. ఊరివారు తమ చుట్టలను తెత్తురు. తెలిసినవారు వానిని పరీక్షించి, ఆడదగినవానిని ఆడింతురు. ఇంటివారు లేచి యెవరెవరో చెప్పుదురు. ఇప్పుడది పెక్కు దేశములలో జరుగుచున్నది. మన మహాసభ మూడు దినములలో నొక సాయంకాలమును దీనికీయవలెనని కార్యవర్గమును వేడుచున్నాను. ఉపన్యాసములలో నొకటి తగ్గినను లోపము రాదు. నాది తగ్గింపవచ్చును.

ఇక నే జెప్పెదనన్న సంగతి. కోనసీమలో నొక బంధువుల యింట 1969వ సంవత్సరపు పెండ్లిచుట్ట దొరకెను. సీమనుండి వచ్చిన మేనమామ తీసినది. కొంచెము సిర్కావాసన వేసినను ఆడుస్థితిలో నుండెను. నేను పలకపుస్తకము పట్టుకొని వ్రాయుటకు కూర్చుంటిని. పెండ్లికూతురికి పెత్తల్లి, ఎనుబదియెనిమిదేండ్ల వృద్ధురాలు, కుర్చీ తెరకు దగ్గఱగా జరిపించుకొని, చేతికఱ్ఱతో చూపుచు చెప్పసాగెను. “వీడు మా పెద్దాడు. ఇది సుబ్బులు, వాడి పెళ్ళాం. ఇడుగో మా ఆయన, చూడు, అప్పుడే చుట్ట ఆర్పేశారు.” భర్త పోయి ముప్పదియొక్క యేండ్లయినది. ఆయన తెరమీద రెండు సెకనులుండి, తల త్రిప్పి, పందిరిలోనికి పోయెను. ఆమె మఱొకసారి వేయుమనెను. నాలుగుమాఱులు వేసితిమి. నాలుగవమాఱు ఆమె కఱ్ఱ ఎత్తలేదు.

నలుబదిమూడు పేరులు వ్రాసితిని. చివర, బావియొద్దనుండి నీళ్లబిందె చంకనెత్తుకొని యొక పదునాఱేండ్ల పిల్ల వచ్చి, కెమేరాను జూచి సిగ్గుపడి, చెంగు నోటికడ్డము పెట్టుకొని ప్రక్కకు తప్పుకొనెను. “ఈ పిల్ల యెవరండీ?” యని యడిగితిని. ఆమె చాలసేపు చూచెను. ముఖము తెలిసినట్లే యున్నదనెను. రేపు జ్ఞప్తికి వచ్చునేమో, మరల రమ్మనెను. రెండుమాఱులు పోయితిని. నా పుస్తకమున నలుబదినాలుగవ పేరుకు చోటు విడిచియుంచితిని.